సి డ్రైవులో జాగా

పుంగనూరులో సొంతిల్లున్న గుమాస్తాలు చాలామందే ఉన్నారు గానీ, ఇంట్లో సర్వరున్న గుమాస్తా మాత్రం చెంగయ్య ఒక్కడే. సదుం మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు. కూతురు అనిత చదువైపోయాక, ఉద్యోగం వచ్చేదాకా ఊరికే కూచోవడమెందుకని వీధి గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటరు నడిపింది. ఆ నాలుగింటికీ పెద్దదిక్కుగా నడిమింట్లో ఒక లావుపాటి డబ్బా ఉండేది. అదే సర్వరు. తర్వాత అనితకు కుప్పంలో కాలేజీ ఉద్యోగం వచ్చింది, పెళ్ళి కూడా ఆ ఊళ్ళోనే కుదిరింది. నాలుగు కంప్యూటర్లనూ ఎవరెవరో కొనుక్కుపోయారు. సర్వరును మాత్రం ఎవరూ అడగలేదు. అది పాతది, మోయలేనంత బరువు, దాని ఫ్యాను తిరిగితే పిండిమర ఆడినట్టుంటుంది. చెంగయ్య దాన్ని బియ్యం మూటల పక్కన బల్ల మీద పెట్టించి, ఇక దీనికి తానే అధికారినని ప్రకటించుకున్నాడు.

"సర్వరంటే హోటల్లో కాఫీ తెచ్చేవాడు గదా! ఈయప్పకు మనమే తెచ్చియ్యాల్సొస్తాండాది," అనేది ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ, కాఫీ గ్లాసు ఆ డబ్బా మీదే పెట్టి. చెంగయ్య హడావుడిగా గ్లాసు తీసి కింద పెట్టి, వేడి తగిలితే అది ఎట్లా పాడవుతుందో పాఠం మొదలుపెట్టేవాడు. ఆమె వినేది కాదు. ఆమెకు వినడం అలవాటు లేదు, వినిపించడమే అలవాటు.

సుబ్బలక్ష్మమ్మ గొంతు గురించి చెప్పకుండా ముందుకు పోవడం కుదరదు. ఆమె అంగన్‌వాడీ టీచరు. మధ్యాహ్నం వాకిట్లో నిలబడి "రండ్రా!" అని ఒక్క కేక పెడితే మూడు వీధుల పిల్లలు తట్టలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. పొద్దున్నే చెంగయ్య షర్టు గుండీలు పెట్టుకుంటూ ఇంట్లో ఉండగానే సదుం బస్సు మలుపు తిరిగేది. ఈమె గడప దాటకుండానే "ఆపప్పా!" అనేది. బస్సు ఆగేది. డ్రైవర్లు మారారు, బస్సులు మారాయి, ఆగడం మాత్రం మానలేదు. అన్నేళ్ళలో చెంగయ్య ఒక్కరోజు కూడా ఆఫీసుకు ఆలస్యంగా పోలేదంటే ఆ పుణ్యం ఆయనది కాదు.

అంత గొంతూ ఒకే ఒక్క మాట దగ్గర మూగబోయేది. అది మొగుడి పేరు. పెళ్ళయి అత్తగారింటికి వచ్చిన రోజు ఆడబిడ్డ గంగులమ్మ వాకిలికి చెయ్యి అడ్డం పెట్టి, "మా అన్న పేరు జెప్పు, లోపలికి రా," అంది. చెంగయ్య తడబడకుండా సుబ్బలక్ష్మి అనేశాడు. ఈమె మాత్రం తల దించుకుని నిలబడింది. హారతి పళ్ళెంలో కర్పూరం ఆరిపోయింది, మళ్ళీ వెలిగించారు, మళ్ళీ ఆరిపోయింది. చివరికి అత్తగారే పాపమని చెయ్యి తీయించింది. ఆ తర్వాత ఓటర్ల లిస్టువాళ్ళొచ్చినా, గ్యాసు కనెక్షన్‌వాళ్ళొచ్చినా, భర్త పేరేంటని అడిగితే ఈమె పక్కింటి సిద్దమ్మ వైపు చూసేది, సిద్దమ్మ గోడ మీదినుంచి అరిచి చెప్పేది. "అది జెప్తే నోట్లో ముత్యాలేమన్నా రాలిపోతాయా?" అని చెంగయ్య ఎన్నేళ్ళుగానో ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. ఎగతాళి వెనక చిన్న ఆశ ఉండేది. తన పేరు ఆ గొంతులో ఎట్లా ఉంటుందో వినాలని.

రెండు వేల ఆరులో, వానాకాలం చివర, ఆ గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, మిరియాల కషాయమన్నారు, గొంతు వాడకం తగ్గించమన్నారు. ఒకరోజు ఆమె "ఆపప్పా!" అన్నా సదుం బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది. చెంగయ్య ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి ఆమెను మదనపల్లెకు తీసుకుపోయాడు. గొంతులోకి గొట్టం పంపి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక డాక్టరు ఇద్దరినీ కూచోబెట్టి, గొంతులో గడ్డ ఉందనీ, వేలూరులో ఆపరేషను చేయించాలనీ, మాట పుట్టే పెట్టెనంతా తీసేయక తప్పదనీ చెప్పాడు. మనిషి దక్కుతుంది. మాట దక్కదు.

తిరుగు బస్సులో సుబ్బలక్ష్మమ్మ కిటికీ పక్కన కూచుని టమాటా తోటలు చూస్తూ ఉండిపోయింది. పుంగనూరు దగ్గర పడుతుండగా, గరగరలాడే గొంతుతో, "ఇంగ నీకు బస్సు ఎవురు ఆపతారు?" అంది. చెంగయ్యకు ఏడుపొచ్చింది. పక్కన ఎవరో ఉన్నారని కూడా చూసుకోకుండా ఏడ్చాడు.

వేలూరులో తేదీ దొరకడానికి కొన్ని వారాలు పట్టేలా ఉంది. ఆ వారాల్లోనే ఆమె మాటలన్నీ సర్వరులో దాచిపెట్టాలని చెంగయ్య నిర్ణయించుకున్నాడు. ఆ గొంతు ఉత్త బొంగురే కావచ్చు, సగం గాలే కావచ్చు. అయినా ఆమెది. అది కూడా లేని ఇంట్లో తాను ఎట్లా బతకాలో ఆయనకు తెలియలేదు.

అనిత ఆదివారం కుప్పం నుంచి వచ్చి, మాటలు రికార్డు చేసే ప్రోగ్రాము ఒకటి ఎక్కించి, మైకున్న హెడ్‌ఫోన్ తగిలించింది. "ఎర్ర గుండీ నొక్కితే మొదలైతాది, నల్ల గడి నొక్కితే ఆగతాది. ఆగినాక పేరు పెట్టి డి డ్రైవులో సేవ్ చేయాల నాయనా," అని నేర్పించింది. ఆ సర్వరు డిస్కును ఆమె ఎప్పుడో రెండు భాగాలు చేసింది. సి అనే చిన్న భాగంలో కంప్యూటరు తన సొంత సరంజామా పెట్టుకుంటుంది. డి అనే పెద్ద భాగం మనుషులకు. చెంగయ్య ఇదంతా ఆఫీసు భాషలోకి మార్చుకుని బుర్రకెక్కించుకున్నాడు. సి అంటే సిబ్బంది గది, డి అంటే రికార్డు రూము.

అనిత వెళ్ళాక సుబ్బలక్ష్మమ్మ ఒక మెలిక పెట్టింది.

"నేను మాట్లాడతా ఉండంగానే నా మాటలు యంత్రంలో ఇంటే, బతికుండే మనిషి ఫోటోకు పూలదండ ఏసినట్టే. ఆపరేషనై నేను తిరిగొచ్చేదాకా ఒక్క ముక్క ఇనగూడదు. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

చెంగయ్య ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. తీయకుండా, "మరి నా పేరు జెప్తావా అందులో?" అని అడిగాడు.

ఆమె తల దించుకుంది. "నువ్వు ఎదురుగా ఉంటే రాదు," అంది. "నువ్వు ఇప్పుడే ఇనవంటే... సూస్తా."

ఆ రోజు నుంచి చెంగయ్యకు ఆ ఒక్క మాట మీదే ధ్యాస. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మైకు సర్ది, ఎర్ర గుండీ నొక్కి, బయటికొచ్చి అరుగు మీద కూచునేవాడు. లోపల ఆమె గొణుగుడు వినిపించేది, మాటలు తెలిసేవి కావు. అయిపోయాక ఆమె తలుపు తట్టేది. ఆయన లోపలికి పోయి నల్ల గడి నొక్కి, "దేని గురించి?" అని అడిగేవాడు. "అనిత పుట్టిన రోజు వాన గురించి," అనేది ఆమె. లేదా "సిద్దమ్మ కోడి మన చిక్కుడు పాదు తినింది గురించి." ఆయన ఆ పేరే టైపు చేసి డి డ్రైవులో పెట్టేవాడు. పేర్ల వరుస పెరుగుతుంటే ఆయనకు ధైర్యంగా ఉండేది. ఆయన పేరు చెప్పిందో లేదో ఆమె చెప్పేది కాదు, ఈయన అడిగేవాడు కాదు.

వారం తిరక్కుండానే తెర మూల పసుప్పచ్చ బుడగ లేచింది. సి డ్రైవులో జాగా అయిపోతోందని ఇంగ్లీషులో రాసుంది. మర్నాడు రికార్డింగు మధ్యలోనే ఆగిపోయింది. సాయంత్రాలు కరిగిపోతున్నాయి, ఈ డబ్బా చూస్తే చోటు లేదంటోంది.

మాటలు డి లో పెడుతుంటే సి ఎందుకు నిండుతుంది? ఆయన తల బద్దలు కొట్టుకున్నాడు. ముందు అనిత వదిలిపోయిన ఆటలన్నీ తీసేశాడు. ఇంట్లో లేని ప్రింటరు తాలూకు సామగ్రి తీసేశాడు. చెత్తబుట్ట ఖాళీ చేశాడు. రెండు రోజులు బాగుండి మళ్ళీ బుడగ. వైరసేమోనని మదనపల్లె నుంచి సీడీ తెచ్చి రోజంతా వెతికించాడు. వైరసు లేదు. మందులు కొనడానికి మళ్ళీ మదనపల్లె పోయినప్పుడు కొత్త డిస్కు ఒకటి కొనుక్కొచ్చి, అనిత ఫోనులో చెప్తుంటే తానే స్క్రూలు విప్పి బిగించాడు. దానికి ఇ అని పేరొచ్చింది. ఇ అంతా ఖాళీ. డి ముప్పాతిక ఖాళీ. సి మాత్రం మళ్ళీ నిండింది. ఇంటి నిండా గదులుండగా చుట్టాలందరూ పోయి వంటింట్లోనే ఇరుక్కున్నట్టుంది వ్యవహారం.

కుప్పానికి ఫోను చేశాడు. అనిత కాలేజీ పరీక్షల హడావుడిలో ఉంది. "టెంప్ అని ఒక ఫోల్డరుంటాది సూడు నాయనా. అందులో ఏముండాయి?" అంది.

"ఉత్త నంబర్లమ్మా. పేరూ ఊరూ లేని ఫైళ్ళు. ఒకటీ రెండూ గాదు, గుట్టలు గుట్టలు."

"టెంప్‌లో ఉండేదంతా చెత్తే. తీసెయ్ నాయనా."

ఇది చెంగయ్యకు బాగా తెలిసిన పనే. ఏటా ఒకసారి సదుం ఆఫీసులో రికార్డు రూము శుభ్రం చేసేది ఆయనే. అట్ట మీద పేరూ నంబరూ విషయం రాసున్న కట్టలు బీరువాలోకి, అట్ట లేని కాగితాలు పెరట్లో మంటలోకి. అది ఆయన కనిపెట్టిన పద్ధతి కాదు, ఆయన కంటే ముందున్నవాళ్ళూ అదే చేశారు. ఆ పద్ధతి ఎప్పుడూ తప్పు పోలేదని ఆయన నమ్మకం. కాబట్టి డి లో అట్ట మీద పేరున్నవి భద్రంగా ఉంచి, సి లో అట్ట లేనివన్నీ పట్టి ఒక్క దెబ్బకు తీసేశాడు. సి సగానికి సగం ఖాళీ అయింది. ఊడ్చినాక నీళ్ళు చల్లినట్టు, డిస్కునంతా వరుసగా సర్దే పని కూడా నడిపించాడు. తెర మీద ఎర్ర గళ్ళూ నీలం గళ్ళూ కదిలి ఒక క్రమంలోకి వస్తుంటే చూడ్డానికి ఆయనకు ముచ్చటగా ఉండేది.

ఎన్నాళ్ళకో దారి దొరికింది. బుడగ రావడం, నంబర్ల గుట్ట తీసేయడం, గళ్ళు సర్దడం. దేవుడి గూట్లో దీపం పెట్టినంత నిష్ఠగా చేసేవాడు. ఆ నంబర్లు మళ్ళీ మళ్ళీ ఎందుకు పుట్టుకొస్తున్నాయని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఏ పేరు మీద నొక్కి విన్నా ఆ క్షణమే గుట్టు తెలిసిపోయేది. కానీ ఒట్టు వేశాడు కదా. మనిషి మంచివాడు, మాట తప్పడు.

వేలూరుకు బయలుదేరే రోజు పొద్దున్నే, కాఫీ తాగి, సుబ్బలక్ష్మమ్మ తనంతట తానే సర్వరు ముందు కూచుంది. "నువ్వు అరుగు మీదికి కూడా వద్దు, వీధి చివరికి పో," అంది. చెంగయ్య వీధి చివరికి పోయి, టీ బంకు దగ్గర నిలబడి, ఇంటి వైపే చూస్తూ ఉన్నాడు. చాలాసేపటికి ఆమె వాకిట్లోకొచ్చి చెయ్యి ఊపింది. దగ్గరికి పోతే ఆమె మొహం ఎర్రగా ఉంది. పెళ్ళినాటి గడప ముందు కూడా ఆమె మొహం అట్లాగే ఉండింది. "దేని గురించి?" అని అడిగాడు ఆయన. "ఏమో! పేరు పెట్టొద్దు దానికి," అని ఆమె పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆయనకు అర్థమైంది. నవ్వుకుంటూ, దానికి 'నాది' అని పేరు పెట్టి డి లో దాచాడు.

అప్పుడే మూల బుడగ లేచింది. బస్సుకు ఇంకా టైముంది. తిరిగొచ్చేసరికి అడ్డం లేకుండా ఉండాలని, చెంగయ్య ప్రోగ్రాము మూసేసి, సి లో నంబర్లన్నీ శుభ్రంగా తీసేశాడు. సంచులు కట్టుకునేలోగా గళ్ళు కూడా సర్దించాడు. అప్పుడు స్విచ్చి ఆపి, సర్వరు మీద తుండుగుడ్డ కప్పి, ఇంటికి తాళం పెట్టాడు.

ఆపరేషను బాగా జరిగిందన్నారు. సుబ్బలక్ష్మమ్మ మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి ఇక అందులోంచే. మత్తు వదిలాక ఆమె నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు. అట్లా జరుగుతుందని అందరూ ముందే చెప్పినా, ఆమె మాత్రం నమ్మలేనట్టు మళ్ళీ ఒకసారి ప్రయత్నించి, కళ్ళు మూసుకుంది. చెంగయ్య ఆమె చెయ్యి పట్టుకుని మనసులో సర్వరును తలుచుకున్నాడు. ఉంది, అంతా భద్రంగా ఉంది అనుకున్నాడు. ఆ ఆస్పత్రి వరండాల్లో ఆయన్ని నిలబెట్టింది ఆ ఒక్క మాటే.

ఇంటికొచ్చిన మర్నాడు సిద్దమ్మా నలుగురు ఆడవాళ్ళూ పలకరించడానికొచ్చి వీధి గదిలో సుబ్బలక్ష్మమ్మ చుట్టూ కూచున్నారు. అనిత కాఫీలిస్తోంది. చెంగయ్య ఇక ఆగలేక నడిమింట్లోకి పోయి, తుండుగుడ్డ తీసి, హెడ్‌ఫోన్ తగిలించుకుని, 'నాది' మీద నొక్కాడు. తెర మీద ఏదో ఇంగ్లీషు వాక్యం వచ్చింది. మళ్ళీ నొక్కాడు. అదే వాక్యం. 'అనిత పుట్టిన రోజు వాన' మీద నొక్కాడు. 'సిద్దమ్మ కోడి' మీద నొక్కాడు. వరుసగా అన్నిటి మీదా నొక్కుకుంటూ పోయాడు. తర్వాత అనితను పిలిచాడు, గట్టిగా కాదు.

అనిత తెర చూసింది, డి చూసింది, సి చూసింది. టెంప్ తెరిచింది. అది తెల్లగా, ఖాళీగా ఉంది. ఆమె చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

"నాయనా," అంది. "డి లో ఉండేది పేర్లే. ఉత్త అట్టలు. లోపలి కాయితాలన్నీ ఈ ప్రోగ్రాము సి లోనే పెట్టుకుంటా వచ్చింది. ఆ నంబర్లుండె సూడు... అవే. అవే అమ్మ మాటలు. అందుకే నిండతా వచ్చింది."

చెంగయ్య గోడకు చేరగిలబడ్డాడు.

"నేనే తీసెయ్యమన్నా," అంది అనిత. "ఒక్కసారి వచ్చి సూసుంటే..."

"తీసేసినవి మళ్ళా తెచ్చే ఉపాయం ఉంటాదంటారు గదమ్మా?"

ఆమెకు తెలిసిన ఉపాయమంతా చేసింది. ఏవో తునకలు దొరికాయి. ఒకదాన్ని వినిపిస్తే బరబరమని చప్పుడు, అంతే. సర్దిన గళ్ళన్నీ పాత చోటు మీద కొత్తవి రాసేశాయని ఆమె చెప్పింది. ఆ చివరి పొద్దున కూడా ఆయన సర్దాడు కదా. పెరట్లో మంటేసి, బూడిద కూడా చిమ్మేసినట్టు.

"అమ్మకు జెప్పొద్దు," అన్నాడు చెంగయ్య. చేతులు జోడించాడు కూతురికి. అనిత ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

వీధి గదిలో కుర్చీలు జరిగిన చప్పుడైంది. ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. సుబ్బలక్ష్మమ్మ మెడకు కట్టిన పలచటి గుడ్డ సర్దుకుంటూ మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. సర్వరు తుండుగుడ్డ తీసి ఉండటం చూసింది. మొగుడి వైపు చూసి, చెవి మీద వేలు పెట్టుకుని, కనుబొమలెగరేసింది. విన్నావా అని.

ఆమె హెడ్‌ఫోన్ తీసుకుని, తన చేతుల్తో ఆయన చెవులకు పెట్టింది. అనితకు వెయ్యమన్నట్టు సైగ చేసింది. అనిత కన్నీళ్ళు కనపడకుండా తెర వైపు వంగి, కొత్త ఖాళీ ఫైలు ఒకటి తెరిచి నొక్కింది. ఆకుపచ్చ గీత ఒకటి తిన్నగా సాగుతూ పోయింది.

చెంగయ్య విన్నాడు. హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు. దాని అవతల, దూరంగా, పిండిమర లాగా తిరుగుతున్న ఫ్యాను చప్పుడు. ఎదురుగా ఆమె, ఆయన మొహం తప్ప ఇంకేమీ చూడకుండా నిలబడి ఉంది. పేరు విన్న మొగుడి మొహం ఎట్లా ఉంటుందో చూడాలని ఆమె ఎన్నాళ్ళు ఎదురుచూసిందో ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది. ఆ మొహం ఎట్లా పెట్టాలో ఆయనకు తెలియదు. ఎన్నడూ వినలేదు కదా. కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతటవే కారాయి, ఆమెకు అవే చాలాయి.

"ఇన్నా," అన్నాడు. "బాగా జెప్పినావు."

ఆమె సిగ్గుపడి పక్కకు తిరిగింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఇటు తిరిగి, రెండు చేతుల వేళ్ళూ విప్పి చూపించి, మూసి, మళ్ళీ విప్పి చూపించింది. అన్నిసార్లు చెప్పానని. అన్నీ విన్నావా అని.

"అన్నీ ఇన్నా," అన్నాడు చెంగయ్య.

సుబ్బలక్ష్మమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోందని అర్థమైంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి రాగానే ఆమె కాఫీ తెచ్చి సర్వరు మీద కాకుండా జాగ్రత్తగా పక్కన పెడుతుంది, హెడ్‌ఫోన్ తెచ్చి ఆయన చెవులకు తగిలిస్తుంది, ఎదురుగా పీట వేసుకుని కూచుంటుంది. ఆయన కాసేపు విని తల ఊపుతాడు. తెర మూల పసుప్పచ్చ బుడగ మళ్ళీ ఎప్పుడూ రాలేదు. సి డ్రైవులో కావలసినంత జాగా ఉంది.